బడి గడప దగ్గర ఆగిపోయిన భాషలు

మా ఇంటి మాట రెండు చోట్ల నవ్వులపాలవుతుంది. తెలుగువాళ్ల దగ్గర మాది 'తురక తెలుగు'. సినిమాలో నవ్వు పుట్టించాలంటే ఒక సాయిబును తెచ్చి అతని చేత తెలుగు వంకరగా పలికిస్తే చాలు, హాలంతా ఈలలు. అటు ఢిల్లీ, లక్నో ఉర్దూనే అసలైన ఉర్దూ అనుకునే పెద్దల దగ్గర మాది 'దక్కనీ'. మేము 'నక్కో' అన్నా 'హౌ' అన్నా 'కైకు' అన్నా వాళ్లకు నవ్వే. ఇక దూదేకుల కుటుంబాల్లో, ఇంకా ఎన్నో పల్లెటూరి ముస్లిం కుటుంబాల్లో ఇంటిభాష తెలుగే. ఉర్దూ రాని ముసల్మాను ఏం ముసల్మాను అని వాళ్లను నిలదీసేవాళ్లు బయటివాళ్లు కాదు, మాలోనే ఉన్నారు. అందుకే భాష గురించి ప్రభుత్వం ఏ ప్రకటన చేసినా మాకు ముందుగా కలిగే అనుమానం ఒకటే. ఇందులో ఏ నోటికి చోటు దొరికింది? ఏ నోరు గడప అవతలే నిలబడిపోయింది?

ఈ వ్యాసం ఉర్దూ గురించి కాదు. గోండీ, కోయ, కొలామీ, సవర, కువి, కొండ వంటి ఆదివాసీ భాషలను కాపాడతామని, బడిలో చెబుతామని ప్రభుత్వాలు చేస్తూ వచ్చిన పని గురించి. ముస్లిం రచయితలకు ఆదివాసీ భాషలతో ఏం పని అని సెక్యులర్ మిత్రులు అడగొచ్చు. మా సమస్యలే బోలెడుండగా ఇదెందుకని మావాళ్లూ అడగొచ్చు. పని ఉంది. ఒక భాషకు సన్మానం చేస్తూనే దాన్ని ఎండబెట్టడం ఎలాగో ఉర్దూ విషయంలో మేము దగ్గరుండి చూశాం, కాబట్టి ఆ పద్ధతిని ఎక్కడున్నా గుర్తుపట్టగలం. ఇది మొదటి కారణం. రెండోది చెప్పుకోవడానికి కష్టమైనది. ఆదివాసీల నెత్తిన కూర్చున్న భాషల్లో ఉర్దూ కూడా ఒకటి. ఆ లెక్క చెప్పకుండా ఈ మాట ఎత్తే హక్కు మాకు లేదు.

ముందు ఆ లెక్కే చెబుతాం.

నిజాం మాకు చుట్టం కాదు. మా తాతలకు జాగీర్లు లేవు. రిక్షా తొక్కినవాళ్లు, దూది ఏకినవాళ్లు, సైకిళ్లు బాగుచేసినవాళ్లు మా పెద్దలు. ఈ మాట మేము చాలాసార్లు చెప్పాం, ఇంకా చెప్పాల్సే వస్తోంది. అయినా ఆ రాజ్యం నడిచింది ఉర్దూలో. కచేరీ కాగితం ఉర్దూ, పోలీసు పంచనామా ఉర్దూ, అడవి గార్డు రాసే కేసు ఉర్దూ. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఒక దేశభాషలో పై చదువులు చెప్పి చూపించింది. అది గొప్ప పనే. కానీ తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడే జనం ఎక్కువగా ఉన్న రాజ్యంలో ఆ గొప్పదనం ఒక్క ఉర్దూకే దక్కింది. ఆదిలాబాదు అడవుల్లోని గోండులకు ఆ కాగితం మీద ఏం రాసుందో చదివే దారే లేదు. తన పోడు తనది కాదని రాసిన కాగితాన్ని తనకు రాని భాషలో చేతిలో పెట్టించుకున్న మనిషి ఏం చేస్తాడు? కొమురం భీమ్ ఏం చేశాడో మనకు తెలుసు. 1940లో జోడేఘాట్ దగ్గర నిజాం పోలీసులు అతణ్ణి కాల్చి చంపారు.

తర్వాత జరిగింది చూడండి. తిరుగుబాటు ఎందుకొచ్చిందో తెలుసుకోవడానికి ప్రభుత్వం హైమండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను ఆశ్రయించింది. ఆయన చొరవతో 1943లో మార్లవాయి గ్రామం కేంద్రంగా గోండు విద్యా పథకం మొదలైంది. గోండు యువకులనే పంతుళ్లుగా తయారుచేశారు. గోండీలో వాచకాలు రాయించారు. ఆ ప్రాంతంలో మరాఠీ వాడుక ఉండటం వల్ల వాటిని నాగరి లిపిలో అచ్చువేశారు. మంచి పనే, అప్పట్లో చాలా ముందుచూపున్న పని. కానీ వరస గుర్తుంచుకోండి. ముందు తుపాకీ, ఆ తర్వాత వాచకం. ఆదివాసీ భాషకు మన గడ్డ మీద దొరికిన మొదటి ప్రభుత్వ సాయం దయగా రాలేదు. భయంగా వచ్చింది.

ఈనాడు భీమ్ పేరుతో వినిపించే 'జల్, జంగల్, జమీన్' నినాదాన్ని ఒకసారి చెవిపెట్టి వినండి. ఆ మాటలు గోండీ మాటలు కావు. 'జమీన్' ఫారసీ నుంచి ఉర్దూలోకి వచ్చి, అమీను చేతి కొలత గొలుసుతో అడవిలోకి అడుగుపెట్టిన మాట. దొరతనం ఏ మాటతో నేలను లాక్కుందో ఆ మాటతోనే నేలను తిరిగి అడిగారు. అందులో మాకు గర్వం కలగాలో సిగ్గు కలగాలో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాం.

ఇంతవరకూ మా తప్పు. ఇక తెలుగు మిత్రులు కూడా తమ లెక్క చూసుకోవాలి.

1921లో హైదరాబాదులో జరిగిన ఒక సంఘసంస్కరణ సభలో ఒకాయన తెలుగులో మాట్లాడబోతే సభికులు గేలిచేసి దింపేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. తెలంగాణలో తెలుగువాళ్ల ఆత్మగౌరవ పోరాటాన్ని అక్కడినుంచే లెక్కపెడతారు. సరైన లెక్కే. కానీ 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చాక ఆదిలాబాదు గోండు పిల్లలకు ఏమైంది? వాళ్ల బడిలో తెలుగే బోధన భాష అయింది. మార్లవాయి వాచకాలు పాత కాగితాలయ్యాయి. తన భాషలో నోరు విప్పనివ్వలేదని ఏడ్చినవాడు తన చేతికి అధికారం రాగానే పక్కవాడి నోరు నొక్కాడు.

మాకు ఇది కొత్త కాదు. 1952 ఫిబ్రవరి 21న ఢాకాలో బెంగాలీ కోసం ఊరేగిన కుర్రాళ్ల మీద కాల్పులు జరిగాయి. కాల్చినదీ ముస్లిం రాజ్యమే, చనిపోయినవాళ్లూ ముస్లింలే. వాళ్ల మీద రుద్దిన భాష ఉర్దూ. ఒకే మతం, ఒకే నమాజు, అయినా భాష వేరైతే తూటా తప్పలేదు. ఉర్దూను ఇస్లాంతో కట్టేసి మాట్లాడే మా పెద్దలు ఈ ఒక్క తేదీ ముందు మౌనంగా నిలబడాలి. ఆ రోజునే ఈనాడు ప్రపంచమంతా మాతృభాషా దినోత్సవంగా జరుపుకుంటోంది. మన ఉర్దూ సంస్థలూ జరుపుతాయి, తెలుగు సంస్థలూ జరుపుతాయి. ఆ వేదిక మీద సవర మాట్లాడే మనిషి ఎప్పుడైనా కనిపిస్తే, అది నాట్య ప్రదర్శన కోసమే అయి ఉంటుంది.

సవర అంటే గిడుగు రామమూర్తి గుర్తుకు రావాలి. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. పూలదండలు, కవిసమ్మేళనాలు, శాలువలు. కానీ ఆయన జీవితంలో సగం సవరలదని ఆ సభల్లో ఎంతమంది చెబుతారు? పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ, కొండ దిగి వచ్చే సవరల మాట విని, పట్టుబట్టి ఆ భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పే బడులు పెట్టారు. సవర భాష మీద ఇంగ్లీషులో ఆయన రాసిన గ్రంథం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చాయి. సవర పుస్తకాలకు మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, నాకొద్దు, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టండి అన్నారని చెబుతారు. జనం నోట్లో ఉన్న భాషే బడిలో ఉండాలన్న ఆయన వాదంలో ఒక సగాన్ని తెలుగువాళ్లు తీసుకున్నారు. దానివల్ల మన పత్రికలు బతికాయి, మన సాహిత్యం బతికింది. మిగతా సగం కొండ మీదే ఉండిపోయింది. గిడుగును తెలుగుకు మాత్రమే గుత్తకిచ్చిన రోజున మనం ఆయన్ని సగం చంపేశాం.

బడిలో ఏం జరుగుతుందో చూద్దాం. గోండీలోనూ కోయలోనూ 'ఏరు' అంటే నీళ్లు. తెలుగులో 'ఏరు' అంటే వాగు, నది. తెలుగు వాచకంలో ఏరు బొమ్మ చూపించి పంతులు ఇదేమిటని అడుగుతాడు. పిల్ల తన మాట ప్రకారం నీళ్లని అర్థం చేసుకుంటుంది, గ్లాసులో తాగేవి, అమ్మ మోసుకొచ్చేవి. ఆ పిల్లకు తెలియని మాట కాదు, ఇంకా ఎక్కువగా తెలిసిన మాట. కానీ బడిలో అది తప్పు. ఇవి రెండూ ఒకే కుటుంబం భాషలు కాబట్టి ఆ మాత్రమైనా పోలిక ఉంది. సవర ద్రావిడ భాష కాదు, ముండా కుటుంబానికి చెందింది. లంబాడీ ఇండో-ఆర్య భాష. ఆ పిల్లలకు ఆ ఆసరా కూడా లేదు. మొదటి ఏడాదిలోనే పిల్లకు అర్థమయ్యేది ఒకటే, తన ఇల్లు తప్పు అని. ఆ తర్వాత బడి మానేస్తే దానికి 'డ్రాపవుట్' అని పేరు పెడతారు. బడి ఆ పిల్లను మానేసిందని ఎవరూ రాయరు.

ఇది ప్రభుత్వానికి తెలియదా? తెలుసు. 1956లో ఏడో సవరణతో రాజ్యాంగంలోకి వచ్చిన 350-ఏ అధికరణం భాషాపరంగా మైనారిటీలైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లు చేయాలంటుంది. 2009 విద్యాహక్కు చట్టం కూడా బోధన మాతృభాషలో ఉండాలంటుంది. కాకపోతే 'సాధ్యమైనంత వరకు' అనే మాట ఒకటి తగిలించింది. 2020 జాతీయ విద్యావిధానం కనీసం ఐదో తరగతి దాకా అంటుంది. అక్కడా వీలైతేనే. ఎవరికి సాధ్యమైనంత వరకు? సాధ్యం కాదని తేల్చేది ఎవరు? పిల్ల కాదు, ఆ పిల్ల తల్లి కాదు. జిల్లా కేంద్రంలో కూర్చున్న అధికారి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ విషయంలో ఒక మంచి పనికి పూనుకుంది. మేము దాన్ని తక్కువ చేయం. 2004లో గోండీ, కోయ, కొలామీ, సవర, కువి, కొండ, బంజారా, ఆదివాసీ ఒడియా భాషల్లో 240 బడుల్లో బహుభాషా విద్య మొదలైంది. ఊరి పండుగలు, సంత, అడవి, పంటలు ఆధారంగా పాఠాలు తయారయ్యాయి. వాచకాలు తెలుగు లిపిలో వచ్చాయి. మన ఆదివాసీ పిల్లల్లో చాలామందికి తమ ఇంటి మాట అచ్చులో కనిపించడం అదే మొదటిసారి. ఆ వాచకాలు రాయడానికి ఆదివాసీ పంతుళ్లు, ఊరి పెద్దలు పడ్డ కష్టం వృథా అనడానికి మాకు నోరు రాదు.

మా విమర్శ ఆ వాచకం మీద కాదు, ఆ పథకం వెనక ఉన్న ఆలోచన మీద. ఆ ఆలోచనకు అధికారులు పెట్టుకున్న ముద్దుపేరు 'వంతెన'. ఒకటో తరగతిలో ఇంటి భాష, క్రమంగా తెలుగు, ఐదో తరగతి అయ్యేసరికి అంతా తెలుగు. పిల్లను ఇంటి భాష నుంచి ఒడ్డు దాటించి తెలుగులోకి చేర్చడమే అసలు గురి. వంతెన మీద ఎవరూ ఇల్లు కట్టుకోరు. ఆ భాషకు ఆరో తరగతి లేదు, పదో తరగతి లేదు, డిగ్రీ లేదు, ఉద్యోగం లేదు. అలాంటి చదువు పిల్లకు మేలు చేయొచ్చు. భాషను మాత్రం కాపాడలేదు. రెండూ ఒకటేనని చెప్పడం మోసం.

ఇక లెక్కల సంగతి. జనగణనలో పదివేల మంది కంటే తక్కువ మంది మాట్లాడే భాష పేరు అచ్చు కాదు. 'ఇతరములు' అనే గంపలో పడిపోతుంది. 2013లో కేంద్రం అంతరించిపోతున్న భాషల రక్షణకు మైసూరులోని భారతీయ భాషా సంస్థ ద్వారా ఒక పథకం పెట్టింది. దానికి అర్హత ఏమిటి? పదివేల కంటే తక్కువ మంది మాట్లాడాలి. అంటే పదివేలు దాటితే నువ్వు ఇంకా చావలేదు కాబట్టి రక్షణ అక్కర్లేదు. పదివేలకు తగ్గితే రక్షిస్తారు గానీ లెక్కలో నీ పేరుండదు. కొన ఊపిరితో ఉన్న మనిషి గొంతు రికార్డు చేసి పెట్టుకోవడాన్ని రక్షణ అంటారా? ఆసుపత్రి కట్టకుండా ఫొటో స్టూడియో కట్టినట్టుంది.

గోండీ మాట్లాడేవాళ్లు 2011 జనగణన ప్రకారం సుమారు 29.8 లక్షలు. ఎనిమిదో షెడ్యూలులో ఉన్న మణిపురి 17.6 లక్షలు, బోడో 14.8 లక్షలు. మాతృభాష సంస్కృతం అని రాయించుకున్నవాళ్లు 24,821 మంది. సంస్కృతం మొదటినుంచీ షెడ్యూలులో ఉంది, గోండీ ఈనాటికీ లేదు. బోడో, సంతాలీ మాటలాడేవాళ్లు పోరాడి 2003లో చోటు సంపాదించుకున్నారు, వాళ్లను చూసి మాకు సంతోషమే. గోండులు అంత మంది ఉండి ఎందుకు సాధించలేకపోయారు? మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్ర, తెలంగాణ, ఒడిశా అంటూ వాళ్ల నేలను ముక్కలు చేసి పంచుకున్నాం కనుక. భాషాప్రయుక్త రాష్ట్రాలని మనం పండగ చేసుకున్నప్పుడు ఎవరి భాషను గీత గీసి కోశామో ఆలోచించలేదు. ప్రతిచోటా వాళ్లు మైనారిటీయే. ఒక జాతి మొత్తాన్ని లెక్కల్లో మైనారిటీగా మార్చడం ఎలాగో మాకు వేరే చెప్పనక్కర్లేదు.

లంబాడీల సంగతి ఇంకో రకం. 2011 లెక్కల్లో లంబాడీ అని రాయించుకున్నవాళ్లు 32 లక్షలకు పైగా ఉన్నారు. వాళ్లందరినీ హిందీ కింద కలిపేశారు. తండాలో హిందీ ఎవరు మాట్లాడతారు? ఇంకొకరి సంఖ్య పెంచడానికి వీళ్ల నోరు వాడుకున్నారు. మా దక్కనీకీ లెక్కల్లో వేరే వరస లేదు, అది ఉర్దూలో కలిసిపోతుంది. ఇది అన్యాయమని చెబితే మాలోనే కొందరు పెద్దలు కళ్లెర్రజేస్తారు, ఉర్దూ సంఖ్య తగ్గిపోతుందని. హిందీ పెద్దలు లంబాడీ గురించి అనేదీ అదే మాట.

ఇంకొక సాకు లిపి. లిపి లేని భాషకు సాహిత్యం ఏముంటుంది, చదువేముంటుంది అని విద్యావంతులు కూడా అంటారు. ఇంగ్లీషు రాసేది రోమన్ల లిపిలో. మరాఠీ, హిందీ, నేపాలీ ఒకే లిపిలో. ఉర్దూ లిపి అరబ్బుల నుంచి ఇరానీల మీదుగా వచ్చింది. అరువు తెచ్చుకున్న లిపితో గొప్ప భాషలయినవే అన్నీ. సరే, లిపే కావాలంటే అదీ దొరికింది. ఆదిలాబాదు జిల్లా గుంజాల గ్రామంలో గోండీ లిపిలో రాసిన పాత రాతప్రతులు బయటపడ్డాయి. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం పండితులు, ఆ ఊరి పెద్దలు కలిసి పనిచేశారు. 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. అంటే ఇప్పుడు కంప్యూటరుకు గోండీ లిపి వచ్చు. బడికి ఇంకా రాలేదు. లిపి లేదన్న సాకు పోయాక కూడా బడి తలుపు తెరుచుకోలేదంటే, అది మొదటినుంచీ సాకే అన్నమాట.

2024 మార్చిలో కేంద్రం ఒకేసారి 52 భాషల్లో మొదటి వాచకాలు విడుదల చేసింది. పుస్తకాలకు ఇప్పుడు కరువు లేదు. కరువున్నది పంతులుకు. మా విమర్శ అంతా ఈ ఒక్క చోటికే వచ్చి ఆగుతుంది.

2000 జనవరిలో వచ్చిన 3వ నెంబరు జీవో షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే ఇవ్వాలంది. బయటినుంచి వచ్చే టీచర్లు బడికి సరిగా రావడం లేదన్నది అప్పుడు ప్రభుత్వం చెప్పిన ముఖ్య కారణం. దానివల్ల వేలాది ఆదివాసీ యువతీయువకులకు కొలువులు దొరికాయి. అంతకు మించి, పిల్ల మాట అర్థమయ్యే మనిషి బడిలో కూర్చున్నాడు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసింది. నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగానికి విరుద్ధమంది. అప్పటికే చేరినవాళ్ల ఉద్యోగాలు షరతులతో నిలిచాయి, ఇక ముందు దారి మూసుకుపోయింది. ఆ తీర్పును శాతాల తగాదాగానే అందరూ చర్చించారు. మాకు అది భాష తగాదాగా కనిపిస్తుంది. సరే, నూరు శాతం చెల్లదు. అయితే ఆ బడిలో చేరే టీచరుకు, ఏ కులం వాడైనా, అక్కడి పిల్లల భాష వచ్చి తీరాలి అనే అర్హత పెట్టడానికి ఏమిటి అడ్డు? ఇంగ్లీషు మీడియం బడిలో ఇంగ్లీషు రానివాణ్ణి పెడతారా? కువి పిల్లల బడిలో కువి రానివాణ్ణి పెట్టడానికి మాత్రం ఎవరికీ సంకోచం లేదు.

ఆ చోట పెట్టింది ఎవరిని? 'భాషా వాలంటీర్లను'. గౌరవ వేతనం మీద పనిచేసే ఆదివాసీ యువకులు. ఆ పేరులోనే ఉంది గుట్టు. తెలుగు చెప్పేవాడు ఉపాధ్యాయుడు, సవర చెప్పేవాడు వాలంటీరు. తెలుగుకు జీతం, సవరకు గౌరవం. ఆ గౌరవంతో ఏ కిరాణా కొట్టువాడూ బియ్యం ఇవ్వడు. ఒకే గదిలో ఆ ఇద్దరినీ రోజూ చూసే పిల్ల ఏ భాష విలువ ఎంతో వాచకం తెరవకుండానే నేర్చుకుంటుంది.

ఇక్కడ ఉర్దూ ముచ్చట చెప్పక తప్పదు. తెలంగాణ 2017లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్ 2022లో ఆ పని చేసింది. అకాడమీలున్నాయి, ముషాయిరాలున్నాయి, బోర్డుల మీద ఉర్దూ అక్షరాలున్నాయి. ఉర్దూ మీడియం బడికి వెళ్లండి. టీచరు పోస్టు ఖాళీ. రోస్టరు ప్రకారం ఆ పోస్టు ఎస్సీకో ఎస్టీకో పడుతుంది, ఉర్దూ చదివిన అభ్యర్థి ఆ వర్గాల్లో దొరకడు, పోస్టు అలాగే మిగిలిపోతుంది. వాటిని డీ-రిజర్వ్ చేయండని మావాళ్లు అర్జీలు పెడుతూనే ఉన్నారు. మేము ఒక మాట స్పష్టంగా చెబుతాం. తప్పు రిజర్వేషన్‌ది కాదు. ఒక దళిత పిల్లకు, ఒక లంబాడీ పిల్లకు ఉర్దూ నేర్చుకునే దారి ఎన్నడూ చూపించని బడిది తప్పు. ఉర్దూను ముస్లిం వాడకు కట్టేసినవాళ్లది తప్పు, అందులో మేమూ ఉన్నాం. బోర్డు మీద భాషకు చోటిచ్చి కుర్చీలో మనిషిని కూర్చోబెట్టకపోవడమే ప్రభుత్వ పోషణ అనేదానికి అసలు అర్థమని మేము నేర్చుకున్నది అక్కడే.

మరి తల్లిదండ్రులే ఇంగ్లీషు కావాలంటున్నారు కదా అని అధికారులు అంటారు. నిజమే, అంటున్నారు. మేమూ మా పిల్లల్ని ఇంగ్లీషు బడికే పంపుతున్నాం. దాచుకోవడానికేం లేదు. ఉర్దూ మీడియంలో చదివి ఆటో నడుపుకుంటున్న అన్నను చూసిన చెల్లెలు ఇంగ్లీషు కోరుకుంటే అది ద్రోహం కాదు. తెలంగాణ 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలుపెడితే పేదలు సంతోషించారు. పేదలకు ఇంగ్లీషు వద్దని చెప్పే పండితులు తమ మనవళ్లు ఏ బడిలో ఉన్నారో ముందు చెప్పాలి. కానీ ఒకటి అడుగుతాం. ఇంగ్లీషు కావాలంటే గోండీని వదలాలని ఎవరు చెప్పారు? పెద్దకులం పిల్ల ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, సంగీతంలో సంస్కృతం నేర్చుకుంటే అది తెలివి. ఆదివాసీ పిల్ల రెండు భాషలు పట్టుకుంటే అది బరువు. ఈ లెక్క ఎవరిది?

కోరికే లేదనే మాటకు మహారాష్ట్రలో ఒక జవాబుంది. గడ్చిరోలి జిల్లా మోహగావ్‌లో గ్రామసభ తీర్మానం చేసుకుని 2019లో గోండీ మాధ్యమంలో బడి పెట్టుకుంది. ప్రభుత్వాన్ని పైసా అడగలేదు. 2022లో ఆ బడికి అనుమతి లేదంటూ అధికారులు నోటీసు పంపారు. ప్రభుత్వం పెట్టిన బడిలో పంతులు లేకపోతే ఏ నోటీసూ లేదు, జనం తమ భాషలో పెట్టుకున్న బడికి మాత్రం నోటీసు. మదరసా విషయంలో ఈ మాట మేము వినీ వినీ అలిసిపోయాం. మైనారిటీ తనంతట తాను చదువుకుంటే అనుమానం, చదువుకోకపోతే వెనకబాటుతనం.

మేము అడిగేవి పెద్ద కోరికలు కావు. ఆదివాసీ భాష చెప్పే మనిషిని వాలంటీరు అనడం మానండి, ఉపాధ్యాయుడు అనండి, ఆ జీతమే ఇవ్వండి. షెడ్యూల్డ్ ప్రాంతాల బడిలో చేరే ఎవరికైనా పిల్లల భాష రావాలని రాయండి. ఐదో తరగతి దగ్గర భాషను దింపేయకుండా పదో తరగతి దాకా ఒక సబ్జెక్టుగా ఉంచండి. లంబాడీని లంబాడీగా, గోండీని గోండీగా లెక్కపెట్టండి. గ్రామసభ పెట్టుకున్న బడికి నోటీసు బదులు నల్లబల్ల పంపండి. ఇవి చేశాక దినోత్సవాలు ఎన్ని జరుపుకున్నా మాకు అభ్యంతరం లేదు.

ముస్లిం పాఠకులకు ఒక మాట. ఉర్దూకు హక్కులడిగే నోటితోనే గోండీకి అడగలేకపోతే మన హక్కు వట్టి బేరమవుతుంది. సెక్యులర్ తెలుగు పాఠకులకు ఇంకో మాట. మమ్మల్ని చూసినప్పుడల్లా మీరు ప్రధాన స్రవంతిలో కలవమంటారు. ఆ స్రవంతిలో గోండీ ఎక్కడుంది, సవర ఎక్కడుంది, మా దక్కనీ ఎక్కడుంది? అన్నీ మునిగిపోయాక మిగిలిన నీటిని మీరు స్రవంతి అంటున్నారు.

కోయ పిల్లకు ఆ నీళ్లే ఏరు. ఆ పిల్ల చెప్పిన మాట ముందు ఒప్పని రాయండి. తర్వాత మీ మాట నేర్పండి.